బలం బిళ్ళలు, అరికాళ్ళు

చెప్పు జారిపోయినా తెలియడం లేదండీ అంటూ నా ఓపీకి తరచూ ఎవరో ఒకరు వస్తుంటారు. చాలామంది అప్పటికే మందుల షాపులో అడిగి బీకాంప్లెక్స్ మింగుతుంటారు. "బలం బిళ్ళలే కదా, ఏం చేస్తాయి?" అని ధీమా.

ఒక రిటైర్డ్ టీచరమ్మ శాకాహారి, పాలూ పడవు. షుగరుకు ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. రక్తం తక్కువుందని ఎవరో ఫోలిక్ యాసిడ్ ఇచ్చారు. హిమోగ్లోబిన్ పెరిగింది, తిమ్మిర్లు మాత్రం మోకాళ్ళ దాకా పాకాయి. చీకట్లో నడిస్తే తూలుతున్నారు. అసలు లోటు బి12ది. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే కొందరికి బి12 సరిగా ఒంటబట్టదు. కాలేయంలో ఏళ్ళకు సరిపడా నిల్వ ఉంటుంది కనుక ఆ లోటు ఆలస్యంగా బయటపడుతుంది. ఫోలిక్ యాసిడ్ రక్తహీనతను సరిచేసి, లోపల నరాలకు జరుగుతున్న నష్టాన్ని కప్పిపెట్టింది. అలాగని అది చెడ్డ మందేం కాదు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1945లో అమెరికాలోని లెడర్లీ సంస్థలో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. గర్భం రాకముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకుంటే బిడ్డకు వెన్నుపాము లోపాలు చాలావరకు తప్పుతాయి. బి12 పని మాత్రం దానివల్ల కాదు. ఇంజెక్షన్లతో టీచరమ్మకు తూలు తగ్గింది. అరికాళ్ళ మొద్దుబారడం కొంత మిగిలిపోయింది.

ఇదే బాధతో ఒక టైలర్ వచ్చాడు. షుగరు లేదు, బి12 బాగానే ఉంది. సంచీ బోర్లిస్తే రకరకాల నరాల బిళ్ళలు. అట్టల మీద పేర్లు వేరైనా అన్నింట్లోనూ బి6 ఉంది. కలిపితే రోజుకు 200 మిల్లీగ్రాములు దాటింది. మనిషికి కావలసింది 2 లోపే! ఎక్కువైన బి6 కూడా నరాలనే దెబ్బతీస్తుంది. పాపం, తిమ్మిరి పెరిగినకొద్దీ ఇంకో బిళ్ళ చేర్చుకుంటూ పోయాడు. అన్నీ మాన్పించాక నెలల మీద నెమ్మదించింది. టీబీకి ఐసోనియాజిడ్ వాడేవారు మాత్రం డాక్టరు రాసిన బి6 మానకూడదు. అక్కడ రోజుకు 10 మిల్లీగ్రాములే నరాలకు కాపలా.

బీకాంప్లెక్స్ వేసుకున్నాక మూత్రం పసుప్పచ్చగా వస్తే వేడి చేసిందని కంగారుపడనక్కర్లేదు, అది బి2 రంగు. జుట్టు కోసం బయోటిన్ మింగుతున్న ఒక అమ్మాయి థైరాయిడ్ రిపోర్టును మాత్రం అంత తేలిగ్గా వదల్లేకపోయాను. టీఎస్‌హెచ్ బాగా తక్కువ, టీ4 ఎక్కువ. మనిషికేమో వణుకు లేదు, గుండెదడ లేదు. బయోటిన్ కొన్ని ల్యాబ్ పరీక్షల్లో అంకెల్ని తారుమారు చేస్తుంది. మందు రాయకుండా, మూడు రోజులు బయోటిన్ ఆపి మళ్ళీ రక్తం ఇమ్మన్నాను. అన్నీ మామూలుగా వచ్చాయి. జుట్టు సంగతంటారా, ఫెరిటిన్ చేయిస్తే ఐరన్ అడుగంటి ఉంది.