కోహీర్ ఎర్ర నేలలో పాము గుడ్లు

జహీరాబాద్ సమీపంలో ముంబయి రహదారిని విడిచి కోహీర్ వైపు సాగితే నేల ఎర్రబడుతుంది. పైన ఎర్రమట్టి, కింద మొరం, మధ్య మధ్య రాళ్లు పేర్చిన గెట్లు, పేరుపొందిన జామతోటలు, ఆ అవతల చెరుకు. చలికాలంలో తెలంగాణ మొత్తంలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో కోహీర్ పేరు తరచూ వినిపిస్తుంది. వేసవిలో ఇక్కడా ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఇంత తేడా ఉండే నేలలో పాము పెట్టిన గుడ్లు మనిషి సాయమేమీ లేకుండా ఎలా పిల్లలవుతున్నాయన్నదే ఈ పర్యటనలో నేను వెంట తీసుకెళ్లిన ప్రశ్న. దీనికి కారణముంది. నగరాల్లో విదేశీ పాములను పెంచేవారు తొలి విడత గుడ్లను పెట్టెల్లో పొదిగించబోయి చాలాసార్లు నష్టపోతున్నారు. పల్లెల్లో గుడ్లు దొరికితే ఉత్సాహం కొద్దీ ఇంటికి తెచ్చేవారూ ఉంటారు. పెట్టెలో పాడయ్యే గుడ్డు పుట్టలో ఎందుకు నిలుస్తోంది? కోహీర్ గెట్ల వెంట నడుస్తూ ఆలోచిస్తే నాకు తేలిన జవాబు ఇది: పాము గుడ్డుకు కావలసింది నిలకడ. మనిషి శ్రద్ధ పేరుతో చేసే పనుల్లో చాలా భాగం ఆ నిలకడను చెడగొట్టేవే.

ముందు ఆ నేలను చూద్దాం. చెరుకు ఉన్నచోట ఎలుక ఉంటుంది. ఎలుక ఉన్నచోట జెర్రిపోతు, నాగుపాము ఉంటాయి. ఎలుక తవ్విన బొక్కలో, చెదలు కట్టి వదిలేసిన పుట్టలో, రాళ్ల గెట్టు సందులో అవి గుడ్లు పెడతాయి. కట్లపాముదీ అదే తీరు. రక్తపింజర మాత్రం గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. నాగుపాము సాధారణంగా ఏప్రిల్, జులై మధ్య గుడ్లు పెడుతుంది. సుమారు రెండు నెలలకు పిల్లలు వస్తాయి. అంటే చాలా పిల్లలు కళ్లు తెరిచేది వానల కాలంలో, కప్పలూ చిన్న జీవులూ దండిగా దొరికే రోజుల్లో. బయట మధ్యాహ్నం ఎండ మాడ్చేసినా, తెల్లవారుజామున గాలి చల్లబడినా పుట్ట లోతుల్లో ఆ హెచ్చుతగ్గులు బాగా తగ్గిపోతాయి. లోపలి తేమ కూడా త్వరగా ఆరిపోదు. ఎండా గాలీ తగలని ఆ చీకటి గదిలో గుడ్డు పెట్టినచోటే, పెట్టిన తీరునే ఉండిపోతుంది. తల్లి చోటు ఎంచుకోవడంలోనే పొదిగే పనిలో సగం పూర్తవుతుంది.

ఈ చివరి మాటలోనే అసలు కీలకం ఉంది. మనకు పొదగడం అంటే తెలిసింది కోడి. కోడి గుడ్ల మీద కూర్చుంటుంది, వేడి ఇస్తుంది, రోజూ గుడ్లను తిప్పుతుంది. తిప్పకపోతే పిండం పెంకుకు అతుక్కుని చెడిపోతుంది. పాము గుడ్డు స్వభావం దీనికి పూర్తిగా వేరు. గుడ్డు పెట్టిన కొద్ది కాలానికే పిండం పెంకు పైభాగాన కుదురుకుంటుంది. ఆ తర్వాత గుడ్డును తలకిందులు చేస్తే పచ్చసొన బరువు పిండం మీద పడి అది చనిపోయే ప్రమాదముంది. పెంకులోనూ తేడా ఉంది. కోడిగుడ్డు పెంకు గట్టి సున్నం. పాము గుడ్డు పెంకు మెత్తటి తోలు. అది చుట్టూ ఉన్న తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, తేమ తగ్గితే సొట్టలు పడుతుంది. కోడిగుడ్డు తనకు కావలసిన నీటిని పుట్టుకతోనే తెచ్చుకుంటే, పాము గుడ్డు ఆ నీటిలో కొంత నేలనుంచే తీసుకోవాలి. కోడిని చూసి నేర్చుకున్న పద్ధతిని పాము గుడ్డుకు వాడడంతోనే చాలా తొలి ప్రయత్నాలు దెబ్బతింటాయి.

పెంపకందార్ల పెట్టెలోకి వస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. ప్రపంచమంతటా ఎక్కువగా పెంచే బాల్ పైథాన్ గుడ్లను 31, 32 డిగ్రీల దగ్గర ఉంచితే సుమారు 55 నుంచి 60 రోజుల్లో పిల్లలు వస్తాయి. కార్న్ స్నేక్ గుడ్లకు అంతకంటే కాస్త తక్కువ వేడి చాలు. అంకెలు చూస్తే పని తేలికనిపిస్తుంది. కానీ థర్మోస్టాట్ తీగ ఒక మూలన ఉండి గుడ్లు మరో మూలన ఉంటే, అది చూపే అంకె ఒకటి, గుడ్డుకు తగిలే వేడి మరొకటి. వేడి 35 దాటి కొన్ని గంటలు నిలిచినా పిండానికి ముప్పే. గుడ్ల కింద పరిచే వర్మిక్యులైట్‌లో నీరు ఎక్కువైతే గుడ్డు పగిలేలా ఉబ్బుతుంది, తక్కువైతే ముడుచుకుంటుంది. తొలిసారి గుడ్లు పెట్టే ఆడపాముకు పిల్ల కట్టని గుడ్లు కూడా ఎక్కువే; వాటి మీద బూజు పట్టగానే పక్కనున్న మంచి గుడ్లను కూడా కదిపి కడిగేవారున్నారు. చివరి దశలో మరో తొందర. పిల్ల తన ముక్కు చివరి పంటితో పెంకు చీల్చి, తల బయట పెట్టి, ఒకటి రెండు రోజులు అక్కడే ఉండి మిగిలిన పచ్చసొనను లోపలికి తీసుకుంటుంది. ఆ వేళ బయటికి లాగితే అది బతకకపోవచ్చు. ఇందులో ఏ పొరపాటూ అశ్రద్ధ వల్ల జరిగింది కాదు. ప్రతిదీ ఎక్కువ శ్రద్ధ వల్లే జరిగింది.

ఈ వాదనకు ఒక బలమైన అభ్యంతరం ఉంది. కొండచిలువ తన గుడ్ల చుట్టూ చుట్టుకుని వేడి ఇస్తుంది కదా, తల్లి చేసేదాన్ని మనిషి ఎందుకు చేయకూడదు? ఈ ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉంది. లమార్ పికో అనే ఫ్రెంచి యాత్రికుడు 1832లో ఈ సంగతి చెబితే పారిస్ పండితులు నమ్మలేదు. 1841లో పారిస్ మ్యూజియంలోనే ఒక కొండచిలువ గుడ్లు పెట్టినప్పుడు శాస్త్రవేత్త వాలెన్సియెన్ వేడి కొలిచి చూశాక నమ్మవలసి వచ్చింది. తల్లి కండరాలను పదే పదే బిగిస్తూ వేడి పుట్టిస్తుందని 1966లో అమెరికా శాస్త్రవేత్తలు లెక్కలతో నిరూపించారు. ఆ తల్లి చేసేదేమిటో గమనించండి. గుడ్లను తిప్పదు, విడదీయదు. చుట్ట బిగించి తేమ పోకుండా ఆపుతుంది, చల్లబడితే వేడి పెంచుతుంది. అంటే పుట్ట ఇచ్చే నిలకడనే ఆమె తన ఒంటితో కల్పిస్తుంది. జంతుప్రదర్శనశాలల్లో పొదిగించగలుగుతున్నదీ ఈ నిలకడను పరికరాలతో, ఏళ్ల అనుభవంతో సాధించడం వల్లే. ఇంటి అటకమీది ప్లాస్టిక్ డబ్బాకు ఆ అర్హత ఉండదు.

మరో అభ్యంతరం ఇంకా న్యాయమైనది. పునాది తవ్వుతుంటే గుడ్లు బయటపడ్డాయి, వదిలేస్తే నాశనమే కదా అంటారు. ఇక భయమూ ఉంది: నాగుపాము పిల్లకు పుట్టుకతోనే విషం ఉంటుంది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో ఏటా సగటున 58 వేల మంది పాముకాటుతో చనిపోయారని పరిశోధకులు అంచనా వేశారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. కానీ సరిగ్గా ఆ భయమే గుడ్లను ఇంట్లోకి తేకూడదనడానికి మొదటి కారణం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కూడా ఇదే చెబుతుంది: అందులో జంతువు అంటే సరీసృపాల గుడ్లు కూడా, వాటి గుడ్లను, గూళ్లను కదపడం వేటలోకే వస్తుంది. కాబట్టి పని ఆపి అటవీశాఖకు, లేదా 1995 నుంచి హైదరాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి సంస్థకు కబురు చేయడమే మార్గం. తూర్పు కనుమల్లో గిరినాగు (కింగ్ కోబ్రా) పరిరక్షణకు కృషి చేస్తున్న సంస్థలు ఊరివాళ్లను కలుపుకునే పనిచేస్తున్నాయి. భయానికీ కాపాడడానికీ మధ్య దారి ఉందనడానికి అది సాక్ష్యం.

విదేశీ పాములు పెంచేవారికి ఒక మాట. బాల్ పైథాన్ వంటి, అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం (సైటీస్) జాబితాలోని జీవులను ఉంచుకుంటే, వాటికి పిల్లలు పుడితే నమోదు చేయించుకోవాలని 2022 చట్ట సవరణ చెబుతోంది; 2024 నిబంధనలు దాన్ని ఖరారు చేశాయి. ఆ పత్రాలూ, రెండు నెలల పాటు గుడ్డును ముట్టుకోకుండా ఉండే ఓర్పూ లేనివారు గుడ్ల దాకా వెళ్లకూడదు. కోహీర్ రైతులకు, పుట్టలున్న ప్రతి ఊరివారికి నా విన్నపం వేరు. శ్రావణంలో నాగుల పంచమి వచ్చేనాటికి కొన్ని పుట్టల్లో గుడ్లు ఇంకా పిల్లలు కాకుండా ఉండవచ్చు. పుట్టకు దూరం నుంచే దండం పెట్టండి. లోపల పాలు పోయకండి, గెట్టు మీది పుట్టను తవ్వకండి. మీ చెరుకును ఎలుకల నుంచి కాచే ప్రాణి అక్కడే పుడుతుంది.