నీళ్ల కడవలో ఘంటసాల

మాది గుడివాడ పక్కన పల్లెటూరు. ఘంటసాల పుట్టిన చౌటపల్లి కూడా ఆ చుట్టుపక్కలదే. ఆయన భగవద్గీత మా రామాలయం మైకులో మోగకుండా తెల్లారిన రోజు నాకు గుర్తులేదు. వేపచెట్టుకు కట్టిన రేకు గొట్టం అది. చేలో నాట్లు వేసేవాళ్లకీ మాట మాటా వినపడేది. ఆ గొట్టంలోంచి వచ్చేది సగం ఘంటసాలేనని 1986 వేసవిలో గాని నాకు తెలియలేదు.

ఆ వేసవిలో మా ఇంటికి టేప్ రికార్డర్ వచ్చింది. దాని స్పీకరు నా అరచేతంత. రేడియోలు బాగుచేసే ఆయన దగ్గర పాత ఆరంగుళాల స్పీకరు కొనుక్కొచ్చి, బల్లమీద పెట్టి తీగలు కలిపాను. పీలగా మూలిగింది. "ఉత్తినే పెడితే అంతేరా అబ్బాయ్, కుండమీద బోర్లించకుండా వెల్లకిలా పెట్టు" అన్నాడాయన. స్పీకరు అట్ట ముందుకు తోసిన గాలి, చుట్టూ తిరిగి వెనక పలచబడ్డ చోట్లోకి జారిపోతుంది. మంద్రస్వరాలు అక్కడే చచ్చిపోతాయి. వెనకవైపు మూసేస్తే అవి బతుకుతాయి.

మొదటి కుండ, తీగ కోసం మేకుతో కన్నం పెట్టబోతే పగిలింది. రెండోది నాయనమ్మ నీళ్ల కడవ. రెండు రోజులు ఎండలో ఆరబెట్టాను. పాత సైకిలు ట్యూబు ముక్క మూతి చుట్టూ పరిచి, దానికిందనుంచి సన్నటి తీగ లాగి, పైన స్పీకరు కూర్చోబెట్టాను. మొదట ప్రతి మాటకీ లోపలినుంచి గుయ్యిమని ఒక బరువు మోత తోడయింది. చిరిగిన దిండులోని బూరుగు దూది కడవలో కూరాక అది సద్దుమణిగింది.

అప్పుడు గీత పెట్టాను.

మగవాడి గొంతుకు ఆధారమైన స్వరం 100, 150 హెర్ట్జ్ దగ్గరుంటుంది. చెట్టుమీది చిన్న గొట్టం అంత కిందికి దిగలేదు. పైస్వరాలను మాత్రం ఊరంతా విసురుతుంది. కడవ ఆ కింది స్వరాన్ని తెచ్చి మా పెంకుటింటి నడవలో పెట్టింది. పైకప్పుకేసి పాడే స్పీకరు కాబట్టి ఏ మూల కూర్చున్నా ఒకేలా వినపడేది.

ఆర్‌సీఏ కంపెనీ శాస్త్రవేత్త హారీ ఓల్సన్ ఒకే స్పీకరును రకరకాల ఆకారాల పెట్టెల్లో బిగించి కొలిచిన ఫలితాలు 1951లో అచ్చయ్యాయి. వాటిల్లో గోళం శబ్దమే అన్నిటికన్నా నునుపు. పెట్టె అంచుల దగ్గర చెదిరి శబ్దాన్ని కలుషితం చేసే అలలు గుండ్రటి దాంట్లో పుట్టవు. పెద్దయ్యాక అది చదివి కడవ గుర్తొచ్చి చాలాసేపు కూర్చుండిపోయాను. మా కడవ గోళం కాదు, కొన్ని స్వరాలు అందులో ఉబ్బేవి కూడా. అయినా ఘంటసాల గొంతులో గుండె ఉందని చూపించింది అదే.

ఆ రోజు గుమ్మంలో బియ్యం ఏరుతున్న నాయనమ్మ చేతులు ఆగిపోయాయి. "మనిషి వచ్చి మన నడవలో కూచున్నట్టుందిరా" అంది.

మర్నాడు కుమ్మరి ఇంటికి వెళ్లి నీళ్లకి ఇంకో కడవ తెచ్చుకుంది.