చాటింపు

చాలా రోజుల తర్వాత రాస్తున్నం. పోస్టు పెద్దగనే ఉంటది, డ్యూటీ దిగినంక తీరువడిగ చదువుండ్రి. ఇది ఒక్కరు రాసేది కాదు. దుబాయ్‌ల అల్ ఖూజ్ క్యాంపుల ఒకటే రూముల ఉండే ఆరుగురం కూసొని రాస్తున్నం. మెట్‌పల్లి అన్న చెప్తుంటే కమ్మర్‌పల్లి తమ్ముడు టైపు చేస్తున్నడు, మిగిలినోళ్లం నడుమల అడ్డం పడుతున్నం. అందుకే అంతటా "మేము" అనే ఉంటది, ఏమనుకోవద్దు.

"దుబాయ్‌ల ఏం పని చేస్తరు" అని ఊర్ల అడిగితే "రోడ్డు పని" అంటం. అది సగమే నిజం. మేము తారు పోసేటోళ్లం కాదు, బ్రిడ్జి కట్టేటోళ్లం కాదు. బోర్డులు పెట్టేటోళ్లం. రోడ్డు ఎక్కడ మూసిన్రు, ఎటు తిప్పిన్రు, ఎంత మెల్లగ పోవాలె అని బండ్లోళ్లకు చెప్పే బోర్డులు, కోన్లు, నీళ్లు నింపే ఎర్రతెల్ల ప్లాస్టిక్ బ్యారియర్లు, బాణం లైట్లు ఇవే మా సామాను. మాలో ఇద్దరు జెండా పట్టుకొని నిలబడేటోళ్లు. మొత్తం అరబ్బీల, ఇంగ్లీషుల ఉంటది. ఇంగ్లీషు మాలో ఇద్దరికి కూడబలుక్కొని చదువ వస్తది, అరబ్బీ ఎవ్వరికీ రాదు. బోర్డు తలకిందులు కాకుండ పెట్టుడు బాణం గుర్తు చూసి నేర్చుకున్నం. నవ్వకుండ్రి, మొదటి నెలల ఒకసారి నిజంగనే తలకిందులు పెట్టినం.

ఇప్పుడు హెస్సా స్ట్రీట్ మీద ఉన్నం. తెల్వనోళ్లకు చెప్తం. షేక్ జాయెద్ రోడ్డు కాడి నుంచి అల్ ఖైల్ రోడ్డు దాకా 4.5 కిలోమీటర్లు. ఒక్కో దిక్కు రెండు లైన్లు ఉన్నదాన్ని నాలుగు చేస్తున్నరు. షేక్ జాయెద్ రోడ్డు, ఫస్ట్ అల్ ఖైల్, అల్ అసాయెల్, అల్ ఖైల్ రోడ్డు, ఈ నాలుగు జంక్షన్లు మారుతున్నయి. గంటకు 8,000 బండ్లు పోయే రోడ్డు మీద 16,000 పోవాలె అని లెక్క. కాంట్రాక్టు విలువ 689 మిలియన్ల దిర్హమ్‌లు, మన లెక్కల 68 కోట్ల 90 లక్షల దిర్హమ్‌లు. రూపాయలల్ల ఎంతయితదో మెట్‌పల్లి అన్న ఫోన్ల కొట్టి చూసిండు, సున్నాలు లెక్కపెట్టలేక పక్కకు పెట్టిండు. సైకిళ్లకు, స్కూటర్లకు, నడిచేటోళ్లకు 13.5 కిలోమీటర్ల దారి కూడ ఉంది ఇందుల. వెడల్పు 4.5 మీటర్లు, అండ్ల 2 మీటర్లు నడిచేటోళ్లకే. ఈ రెండు మీటర్లు గుర్తు పెట్టుకోండి, దాని గురించే ఈ పోస్టు.

పని జరిగే తీరు బయటోళ్లకు అర్థం కాదు. "నిన్న ఇటు పోయినం, ఇయ్యాల ఇది బంద్, వీళ్లకు బుద్ధి ఉందా" అని కారు అద్దం దించి తిట్టిపోతరు. నడిచే రోడ్డును ఆపకుండ బాగు చేయాలంటే వేరే దారి లేదు. ముందు భూమిల ఉన్న నీళ్ల పైపులు, కరెంటు కేబుళ్లు, టెలిఫోన్ లైన్లు జరపాలె. అవి జరపాలంటే ట్రాఫిక్‌ను పక్కన తాత్కాలిక రోడ్డు మీదికి తిప్పాలె. ఒక దిక్కు పూర్తయితే ట్రాఫిక్‌ను దాని మీదికి తెచ్చి రెండో దిక్కు తవ్వాలె. ప్రతి మార్పుకూ పర్మిషన్ కావాలె. పర్మిషన్ వచ్చిన రాత్రి, బండ్లు తక్కువ ఉన్న టైముల దారి మారుస్తం. కొత్త బోర్డులు రెండు మూడు రోజుల ముందే పాతి నల్ల ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచుతం. ఆ రాత్రి కోన్లు పరుస్తం, బ్యారియర్లు జరుపుతం, పాత గీతలు గీకేస్తరు, కొత్త గీతలు వేస్తరు. అన్నీ అయినంక కవరు చింపుతం. పొద్దున లేచినోళ్లకు రోడ్డు వేరే రోడ్డు.

కార్లల్ల పోయేటోళ్లకు ముందే తెలుస్తది. ఆర్‌టీఏ ముందుగ ప్రకటన ఇస్తది, పేపర్ల వస్తది, ఫోన్ల మ్యాపు దారి చూపిస్తది. నడిచేటోళ్ల సంగతి వేరు. బర్షా దిక్కు విల్లాలల్ల పనిచేసే అక్కలు, తోట పనోళ్లు, దుకాణాల్ల సామాను మోసేటోళ్లు, సైకిల్ మీద పోయే వాచ్‌మెన్లు, వీళ్ల దారి ఏ మ్యాపుల ఉంటది? బస్ స్టాపు రెండు వందల మీటర్లు జరిగితే నోటీసు అతికిస్తరు, అరబ్బీల, ఇంగ్లీషుల. చదువొచ్చినోళ్లకు సరిపోతది. మాకే చదువరాదు, వాళ్లకెట్ల వస్తది?

మా ఊర్లల్ల ఇంతకుముందు డప్పు చాటింపు ఉండేది. నీళ్లు బంద్ అయినా, రేషన్ వచ్చినా, గ్రామసభ అయినా డప్పు కొట్టుకుంట ఒకాయన వాడవాడ తిరిగి గొంతు చించుకొని చెప్పేది. చదువొచ్చినోడికి, రానోడికి ఒకటే మాట. ఇప్పుడు ఫోన్లు వచ్చినయి, డప్పు పోయింది. మాలో ఒకరి ఇంటి సంగతి చెప్తం, పేరు వద్దన్నడు. వాళ్ల భూమి రోడ్డు కింద పోయేటట్టు ఉందని నోటీసు పేపర్ల వచ్చింది. జాతీయ రహదారుల చట్టం, 1956ల ఉన్నది, 3ఏ ప్రకటన రెండు లోకల్ పేపర్ల వేయాలె, అందుల ఒకటి అక్కడి భాషల ఉండాలె. తెలుగుల వేసిన్రు కూడ. అభ్యంతరం చెప్పనీకి 21 రోజులు. వాళ్ల నాయినకు చదువు రాదు, ఇంటికి పేపరు రాదు, కొడుకు దుబాయ్‌ల. సర్వే చేసేటోళ్లు వచ్చి రాళ్లు పాతిన నాడు తెలిసింది. అప్పటికి 21 రోజులు ఎప్పుడో దాటినయి. పేపర్ల పడ్డదంటే చెప్పినట్టే అని చట్టం అనుకుంటది. వాళ్ల నాయిన మాత్రం "నాకెవ్వలు చెప్పలే బిడ్డా" అని ఇప్పటికీ అంటడు.

అసలు సంగతికి వస్తం. మేలో ఒకరోజు మా జెండా తమ్ముడు నిలబడ్డ కాడికి ఒక అక్క వచ్చింది. ఎండ మండుతున్నది. హిందీల అడుగుదామని తడబడి, లోపల తనలో తాను "ఏంటో, ఈ దారి కూడా కట్టేశారు" అనుకుంది. మావోడి చెవిల పడ్డది. "అక్కా, తెలుగా?" అన్నడు. ఆమె మొఖం చూడాలె అప్పుడు! రాజోలు దిక్కు ఆమె. తొమ్మిదేండ్ల నుంచి ఒకటే విల్లాల పని. "బస్సు ఇక్కడ ఆగట్లేదేంటి తమ్ముడూ, అరగంట నుంచీ నించున్నాను" అన్నది. స్టాపు జరిగి అప్పటికి నాలుగు రోజులు. మావోడు దారి చూపిచ్చిండు. ఆమె పోతపోత "మా వీధిలో ఇంకో పదిమంది తెలుగోళ్లం ఉన్నామండి, రోజూ ఇదే గోల" అన్నది.

అట్ల మొదలయింది మా వాట్సాప్ గ్రూపు. శనివారం రాత్రి ఒక వాయిస్ మెసేజ్. "ఈ వారం ఫలానా కాడ నడిచే దారి బంద్, ఫలానా కాడ తెరిచి ఉంది, బస్సు ఫలానా కాడ ఆగుతున్నది." పది మందితోని మొదలయి నూట ఎనభై మంది అయిన్రు. మా ఫోర్‌మన్ కేరళ ఆయన, ఎట్లనో తెలిసింది. పిలిచిండు. పనికి ఎసరు వచ్చిందనుకున్నం. "సైట్ ఫోటోలు పెడితే టికెట్ కొనిచ్చి ఇంటికి పంపుతరు, నేను ఆపలేను. నోటితో దారి చెప్తే నేనేం వినలేదు" అన్నడు. మంచి మనిషి.

ఒక తమాషా కూడ చెప్పాలె. మొదటి మెసేజ్‌ల మెట్‌పల్లి అన్న "బ్యారియర్ పొంటి సీదా పోయి కుడికి మర్లుండ్రి" అన్నడు. ఐదు నిమిషాల్ల రాజోలు అక్క ఫోన్. "పొంటి అంటే ఏంటి తమ్ముడూ? మర్లడమేంటి?" పొంటి అంటే పక్క వెంబడి, మర్లుడు అంటే తిరుగుడు అని చెప్పేసరికి మాకు నవ్వు ఆగలే. తెలుగుల చెప్తున్నం అనుకున్నం గని, ఎవరి తెలుగో చూసుకోలే.

ఇగ ఆగస్టుల మేము చేసిన తప్పు. దాచుకుంటే పోయేది, అయినా రాస్తున్నం.

ఒక శనివారం పొద్దున పనికి ముందు మీటింగుల చెప్పిన్రు, ఈ రాత్రి జంక్షన్ పక్కన నడిచే దారి తెరుస్తం అని. మేము ఖుషీ అయినం. ఆ రెండు మీటర్ల దారి తెరుచుకుంటే అక్కలకు ఒకటిన్నర కిలోమీటర్ల చుట్టు తప్పుతది. సాయంత్రం ఆరింటికే మెసేజ్ పెట్టేసినం. "రేపు పొద్దుగల్ల నుంచి కొత్త దారి, సీదా పోవచ్చు." ఆ రాత్రి గీతలు వేసే మిషిన్ చెడిపోయింది. పని వాయిదా పడ్డది. బోర్డుకు కప్పిన నల్ల కవరు అట్లనే ఉంది. పొద్దున నాలుగింటికి రూముకు వచ్చి పడుకున్నం. మళ్ల మెసేజ్ పెట్టాలని ఆరుగురిల ఒక్కరికీ యాది రాలే. ఒకరు పెడతరని ఒకరం అనుకున్నమో, అసలే అనుకోలేదో, ఇప్పటికీ తెల్వదు.

ఆదివారం ఓవర్‌టైం ఉంటే మాలో ముగ్గురం పదింటికే మళ్ల సైటుకు పోయినం. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల దాకా ఎండల పని చేయించొద్దని ఇక్కడ రూలు. షెడ్డు కింద కూసొని అన్నం తింటున్నం. ఒంటిగంట దాటింది. దూరంగ మేము పాతిన బోర్డు నీడల ఎవరో కూసున్నట్టు కనబడ్డది. బోర్డు నీడ ఎంతుంటది? మనిషి సగం ఎండలనే ఉంది. పోయి చూస్తే రాజోలు అక్క. జబల్ అలీ చర్చికి పోయి బస్సుల వచ్చి దిగింది. కొత్త దారి ఉందని సీదా నడిచింది. చివరికి వచ్చేసరికి బ్యారియర్. వెనకకు పోయింది, తాత్కాలిక దారి యాడ మొదలయితదో దొరకలే, మళ్ల వచ్చింది. రోడ్డు దాటితే రెండు నిమిషాల పని. అయితే అడ్డంగ దాటితే 400 దిర్హమ్‌ల ఫైన్, మన రూపాయలల్ల 9 వేలు దాటుతది. 2025 మార్చి 29 నుంచి కొత్త ట్రాఫిక్ చట్టం వచ్చి ఇంకా కఠినం అయింది. ఈ ముచ్చట కూడ మా గ్రూపుల మేమే చెప్పినం. అందుకే దాటలే.

పెదవులు తెల్లగ అయినయి, చెమట పట్టుడు ఆగిపోయింది. ఎండదెబ్బల అది మంచి గుర్తు కాదని సేఫ్టీ క్లాసుల మాకు చెప్పిన్రు. ఇద్దరం పట్టుకొని షెడ్డు కిందికి తెచ్చినం, మెడ మీద తడి గుడ్డ వేసినం, ముఖం మీద నీళ్లు చల్లి విసిరినం, తెలివిగ మాట్లాడుతుందని చూసుకొని ఇన్నిన్ని నీళ్లు తాగిపిచ్చినం. ఫోర్‌మన్ అంబులెన్స్‌కు చేసిండు. వాళ్లు వచ్చి చూసి, గంట సేపు ఉంచి, పర్వాలేదన్నరు. ఆ గంట ఎట్ల గడిచిందో మాకే తెలుసు.

లేచి కూసున్నంక ఆమె తిట్టలే. తిడితే బాగుండు. "మీరు చెప్పారని వచ్చానండి" అన్నది, అంతే. మామూలుగ తమ్ముడూ అనే మనిషి ఆ పూట "అండి" అన్నది. ఆ రాత్రి ఆరుగురిల ఎవ్వలం సరిగ తినలే. కమ్మర్‌పల్లి తమ్ముడు గ్రూపు తీసేద్దాం అన్నడు. మనకెందుకు ఈ పెత్తనం, బోర్డు పెట్టుడే మన పని, జీతం దానికే ఇస్తున్నరు అన్నడు. ఆ మాటల నిజం లేదనలేం. బోర్డు తప్పయితే బోర్డును తిడతరు. మనిషి మాట తప్పయితే మనిషి ఎండల కూలబడతది. రెండు వారాలు గ్రూపుల ఏమీ పెట్టలే.

మూడో వారం అక్కనే ఫోన్ చేసింది. "ఏం తమ్ముడూ, దారి తెరిచారా లేదా? ఎవరూ ఏమీ చెప్పరేంటి?" అన్నది. భయమయితున్నదక్కా అన్నం. "భయపడితే మాకు ఎవరు చెప్తారు, నువ్వు చూసింది చెప్పు, వినింది చెప్పకు" అన్నది.

ఇప్పుడు గ్రూపు రూల్స్ అవే. మీటింగుల విన్నది పెట్టం. మా కాళ్లతోని నడిచి చూసినంకనే, చూసిన టైముతో సహ చెప్తం. వాయిదా పడితే రూముకు పోకముందే చెప్తం, అది ఎవరి వంతో వారం వారం తలుపు వెనక రాసి పెట్టుకున్నం. వాయిస్ మాది కాదు, అక్కది. మేము చెప్పింది ఆమె వాళ్ల మాటల మార్చి పంపుతది, మా జగిత్యాల దిక్కు వాళ్లకు మేము మళ్ల చెప్తం. తమిళం వచ్చినోళ్లు ఎవరన్న ఉంటే కామెంట్ల చెప్పండి, బస్ స్టాపు కాడ అడిగేటోళ్లు చాలామంది ఉన్నరు.

ఇంకో వారంల మధ్యాహ్నం బ్రేక్ అయిపోతది. ఎండ ఇంకా ఉంది, చేతుల నీళ్ల సీసా లేకుండ బయటికి రాకండి. ఈ శనివారం రాత్రి ఒక షిఫ్టు ఉందని అంటున్నరు. అంటున్నరు అంతే, చూసినంక చెప్తం. కింద బస్సు హారన్ కొడుతున్నది, తమ్ముడు బూట్లు ఏసుకోవాలె. ఉంటం.