దాచానన్న భ్రమ

మనం వాడే ఎక్స్ఎంఎల్ ఎడిటర్లలో చాలావాటికి టైపు చేసే తెర మీద సీఎస్ఎస్ ఒక్కటే తెలుసు, అదీ అరకొరగా. ఎక్స్ఎస్ఎల్‌టీ జోలికి పోవు. పాపం వాటి తప్పూ కాదు. సీఎస్ఎస్ ఉన్న చెట్టుకి రంగులేస్తుంది, ఎక్స్ఎస్ఎల్‌టీ చెట్టునే మార్చేస్తుంది. మారిపోయిన చెట్టు మీద మీరో అక్షరం కొడితే, అది అసలు ఫైల్లో ఎక్కడికెళ్ళాలో ఎడిటర్‌కేం తెలుసు?

ఈ తేడా నాకు దెబ్బ తగిలాకే అర్థమైంది. ఒకసారి డాక్‌బుక్‌లో యూజర్ మాన్యువల్ రాస్తున్నా. మాలో మేం చెప్పుకునే మాటలు రిమార్క్ ట్యాగుల్లో రాసుకునేవాళ్ళం. తెరంతా అవే కనబడి చిరాకేసి, ఎడిటర్ స్టైల్‌షీట్‌లో 'డిస్‌ప్లే నన్' అని ఒక్క లైను పెట్టా. ఎంత ప్రశాంతమో! పదిరోజులకి వాటి సంగతే మర్చిపోయా.

పీడీఎఫ్ తయారయ్యేది మాత్రం డాక్‌బుక్ ఎక్స్ఎస్ఎల్ స్టైల్‌షీట్లతో. అవి నా సీఎస్ఎస్ మొహం కూడా చూడవు. పైగా వాటిలో 'షో కామెంట్స్' పారామీటరు డిఫాల్టుగా 1, అంటే రిమార్కులన్నీ అచ్చేస్తాయి.

కస్టమర్ ఫోన్ చేశాడు. "42వ పేజీలో 'ఈ బగ్గు గురించి వాళ్ళకి ఇప్పుడే చెప్పొద్దు' అని ఉంది. వాళ్ళంటే మేమేనా అండీ?"

ఇప్పుడు రిమార్కులకి పసుపు రంగు పూసి తెర మీదే ఉంచుతున్నా, చిరాకైనా సరే. బిల్డు స్క్రిప్టులో ఆ పారామీటరు 0.