కంప్యూటర్లో నాన్నగారి షాపు

శుక్రవారం ఇక్కడ సెలవు. మస్కట్లో రువి చుట్టుపక్కల ఉండే మనవాళ్ళందరికీ అది ఊరితో మాట్లాడుకునే రోజు. మాకు ఎనిమిదిన్నర అయితే రాజమండ్రిలో పది. అమ్మ పొయ్యి దగ్గర పని ముగించుకుని, నాన్నగారు పేపరు మడిచి పక్కన పెట్టి, ఇద్దరూ ఫోను ముందు కూర్చుంటారు. పోయినేడు వేసవిలో అలాంటి ఒక శుక్రవారం అమ్మ అంది: "ఒరే అబ్బాయ్, మీ నాయనమ్మ పాటల పుస్తకం మళ్ళీ వేయించాలిరా. అక్క కూతురి పెళ్ళికొచ్చే ఆడవాళ్ళకి తలా ఒకటి ఇద్దాం. మిగిలినవి 2027 పుష్కరాలకి పనికొస్తాయి."

ఆ పుస్తకం 2003 పుష్కరాలప్పటిది. నాయనమ్మ పోయిన మరుసటేడే పుష్కరాలొచ్చాయి. ఆవిడ పాడే మంగళహారతులు, అప్పగింతల పాటలు, నోము కథలు అత్తయ్య నోటుపుస్తకంలో రాసి ఉంచింది. నాన్నగారు వాటిని రాత్రిళ్ళు కూర్చుని కంపోజ్ చేశారు. ముప్ఫై రెండు పేజీలు, మూడు వందల ప్రతులు. ఆమె పేరు చెప్పి చుట్టాలందరికీ పంచాం. ఇరవయ్యేళ్ళు దాటేసరికి మా ఇంట్లో మిగిలింది ఒక్క ప్రతి. అదీ అలమర వెనక చెదపట్టి, నడిమి పేజీలు జల్లెడ అయిపోయాయి.

నాన్నగారికి కోటగుమ్మం దగ్గర సందులో డీటీపీ షాపు ఉండేది. 1998లో పెట్టి 2011లో మూసేశారు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, సొసైటీల నివేదికలు, ఎన్నికల కరపత్రాలు అన్నీ ఆయన చేతి మీదుగానే వెళ్ళేవి. లేజరు ప్రింటరు మీద ట్రేసింగ్ తీసి మినీ ఆఫ్‌సెట్ వాళ్ళకి పంపేవారు. షాపు మూసిన రోజున కుర్చీలు, బల్ల అమ్మేశారు గానీ సీపీయూ మాత్రం ఇంటికి తెచ్చి అటక మీద పెట్టారు. నిరుడు దసరాకి వెళ్ళినప్పుడు నేను దాన్ని దింపి, హార్డ్ డిస్కు విప్పి, సీడీల సంచీతో సహా మస్కట్ తెచ్చుకున్నాను.

అంతకు ముందు ఊళ్ళోనే ప్రయత్నం చేశాం. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అనూ తెలుగు ఫాంట్లతో పనిచేసే షాపులు మనవైపు ఇప్పటికీ ఉన్నాయి. తెలిసిన ఒక షాపులో పుస్తకం ఫైలు తెరిపిస్తే తెరుచుకుంది గానీ, వాళ్ళ ఫాంట్ల వెర్షను వేరు. కొన్ని ఒత్తులు చోటు మారాయి, కొన్ని పోయాయి. నాన్నగారు ఆ ప్రింటు చూసి మాట్లాడకుండా మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఎందుకిలా జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే పాతికేళ్ళ మన తెలుగు పని ఇలాంటి ఫైళ్ళలోనే పడి ఉంది. యూనికోడ్‌లో తెలుగుకి 1991 నుంచే చోటుంది. అయినా అచ్చు పనివాళ్ళ చేతికి అది చాలా ఆలస్యంగా వచ్చింది. అందాకా అనూ లాంటి ఫాంట్లు ఒక ఉపాయం పన్నాయి. ఇంగ్లీషు అక్షరాలకీ గుర్తులకీ ఉన్న స్థానాల్లో మన తలకట్టునీ, గుడినీ, కొమ్ముల్నీ, ఒత్తుల్నీ ముక్కలుగా కూర్చాయి. ఆ ముక్కలు పక్కపక్కన పేరిస్తే తెలుగు మాట కనబడుతుంది. కంప్యూటరుకి మాత్రం అది తెలుగని తెలియదు, దానికది ఇంగ్లీషు గుర్తుల వరస. ఫాంటు తీసేస్తే మిగిలేది గజిబిజి. గౌతమీ గ్రంథాలయంలో తాటాకు ప్రతులున్నాయి. వాటిని చదవడానికి వెలుతురూ, లిపి తెలిసిన మనిషీ ఉంటే చాలు. మా నాన్నగారి 2003 నాటి పేజీ చదవాలంటే ఆనాటి విండోస్, ఆనాటి పేజ్‌మేకర్, ఆనాటి ఫాంటు మూడూ ఒకేచోట కలవాలి. ఏ ఒక్కటి లేకపోయినా ఆ పేజీ లేనట్టే.

ఆ మూడింటినీ మళ్ళీ ఒకచోట కూర్చోబెట్టే సాధనమే వర్చువల్ మెషీన్. ఉన్న కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరు నడపడం. దానికీ ఒక ప్రాసెసరు, కొంత మెమరీ, ఒక డిస్కు ఉన్నట్టే ఉంటాయి. డిస్కంటే నిజానికి మన లాప్‌టాప్‌లో ఒక పెద్ద ఫైలు. లోపల నడిచే విండోస్‌కి తాను ఇంకొకరి ఇంట్లో ఉన్నానన్న సంగతి తెలియదు.

ఇది నాకు పుస్తకాలకంటే మా కాలవగట్టు మీదే బాగా అర్థమైంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర బయల్దేరిన నీరు పెద్ద కాలవలోంచి పిల్లకాలవలోకి, పిల్లకాలవలోంచి తూముల్లోకి పారుతుంది. చేనున్న రైతుకి తన తూములో నీరు కనబడితే చాలు, అదే గోదావరి. కానీ ఎవరి తూము ఎంతసేపు తీయాలో చూసే లస్కరు ఒకడుంటాడు. దాళ్వా పంటకి నీరు తగ్గితే వంతులు పెడతాడు. వర్చువల్ మెషీన్ నడిపే సాఫ్ట్‌వేర్ చేసే పని ఆ లస్కరు పనే. ఉన్న ఒక్క ప్రాసెసరునీ, ఉన్న మెమరీనీ బయటి కంప్యూటరుకీ లోపలి కంప్యూటరుకీ వంతులేసి పంచుతుంది. లోపలి దానికి ఆశకొద్దీ ఎక్కువ మెమరీ రాసిచ్చామా, శివారు చేలెండినట్టు బయటిది ఆగిపోతుంది. నా లాప్‌టాప్‌లో ఉన్నది 8 జీబీ. నాన్నగారి విండోస్ ఎక్స్‌పీకి 512 ఎంబీ ఇచ్చాను. ఎక్స్‌పీ కనీసం 64 ఎంబీతో నడిచేలా చేసిన సాఫ్ట్‌వేర్ కాబట్టి దానికి అది పండగ భోజనం.

ఈ విద్య కొత్తదేమీ కాదు. ఐబీఎం పెద్ద యంత్రాల మీద వీఎం/370 పేరుతో 1972లోనే వచ్చింది. ఇళ్ళలో వాడే కంప్యూటర్ల మీద 1999లో వీఎంవేర్ చేసి చూపించింది, డబ్బుకి. నేను వాడింది వర్చువల్‌బాక్స్. జర్మనీలో ఇన్నోటెక్ అనే చిన్న కంపెనీ తయారుచేసి 2007లో జీపీఎల్ లైసెన్సు కింద సోర్సుతో సహా అందరికీ ఇచ్చేసింది. 2008లో ఆ కంపెనీని సన్ కొన్నది, 2010లో సన్‌ని ఒరాకిల్ కొన్నది. ఇన్ని చేతులు మారినా ఆ లైసెన్సు వల్ల అది ఉచితంగానే మిగిలింది. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ కూడా 2024 నుంచి ఉచితమే. అయినా నా మనసు వర్చువల్‌బాక్స్ వైపే మొగ్గుతుంది. ఒకరు దయతలచి ఇచ్చింది రేపు వెనక్కి తీసుకోవచ్చు. సోర్సు చేతిలో పెట్టి ఇచ్చింది వెనక్కి పోదు. దాచుకునే పనికి ఆ భరోసా ముఖ్యం. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. వర్చువల్‌బాక్స్‌తో పాటు దొరికే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ సొంత వాడకానికే ఉచితం, ఆఫీసు పనికి కాదు. అలాగే, పెట్టె ఉచితమైనంత మాత్రాన అందులో వేసే విండోస్ ఉచితం కాదు. నాన్నగారు కొన్న అసలు సీడీలు, కీ ఉన్న కాగితం సంచీలో భద్రంగా ఉండటం నా అదృష్టం.

ముందు చేయాల్సింది పాత డిస్కుకి నకలు తీయడం. అది 40 జీబీ డిస్కు, వెడల్పాటి రిబ్బను కేబులు కాలం నాటిది. చిన్న అడాప్టరుతో యూఎస్‌బీకి తగిలించి, ఒక్కసారే తిప్పి, మొత్తం డిస్కుని ఒకే ఫైలుగా తీసుకున్నాను. ఆ రెండు గంటలూ దాని పక్కనే కూర్చున్నాను. పాత డిస్కుకి ఎన్ని తిరుగుళ్ళు మిగిలాయో ఎవరం చెప్పలేం, నకలు తీయకుండా ఫైళ్ళు వెతకడం మొదలుపెట్టకూడదు. తర్వాత ఆ నకలుని వర్చువల్‌బాక్స్ డిస్కుగా మార్చి, ఏం చేసినా అసలు మీద మార్పు పడకుండా ఇమ్యూటబుల్ అని గుర్తుపెట్టాను.

దాన్నే నేరుగా బూట్ చేయబోతే నీలం తెర వచ్చింది. పాత మదర్‌బోర్డుకి అలవాటుపడిన విండోస్, కొత్త కంట్రోలరుని చూసి తన డిస్కుని తానే గుర్తుపట్టలేదు. రెండు శుక్రవారాలు దానితో గడిపాక వేరే దారి పట్టాను. ఖాళీ వర్చువల్ మెషీన్‌లో ఎక్స్‌పీ కొత్తగా వేసి, నాన్నగారి డిస్కుని రెండో డిస్కుగా తగిలించాను. ఇక్కడ ఒక కిటుకుంది. డిస్కు కంట్రోలరు సాటా అని ఉంటే ఎక్స్‌పీ సీడీ దగ్గర దానికి సరిపడే డ్రైవరు ఉండదు, ఐడీఈ అని మార్చాలి. మార్చాక అరగంటలో పచ్చగుట్ట, నీలాకాశం ఉన్న ఆ తెర వచ్చేసింది. కింద మూల చిన్న తాబేలు బొమ్మ కనబడింది. నా లాప్‌టాప్‌లోని కొత్త విండోస్ తన భద్రత కోసం వర్చువలైజేషన్ సదుపాయాన్ని తానే పట్టుకుని ఉంటే, వర్చువల్‌బాక్స్ నెమ్మదిగా నడుస్తుందని చెప్పే గుర్తు అది. ఆ భద్రత తీసేస్తే తాబేలు పోతుందని చాలామంది చెబుతారు. నేను తీయలేదు. ఇరవయ్యేళ్ళ నాటి పేజ్‌మేకర్‌కి తాబేలు నడక చాలు. నెట్‌వర్కు మాత్రం పూర్తిగా తెంపేశాను. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ మరమ్మతులు ఆగిపోయాయి, దాన్ని ఇంటర్నెట్టులోకి వదలడం తలుపుల్లేని ఇంట్లో బంగారం పెట్టడమే.

పేజ్‌మేకర్ వేసి పుస్తకం ఫైలు మొదటిసారి తెరిచినప్పుడు అది ఒక జాబితా చూపించింది: లేని ఫాంట్లు ఇవి, వీటి బదులు ఏం వాడమంటావు అని. పల్లవి మీడియం, ప్రియాంక బోల్డ్. చిన్నప్పుడు ఆ పేర్లు వింటే షాపుకొచ్చే ఆడపిల్లల పేర్లనుకునేవాణ్ణి. వేటి బదులూ ఏదీ వాడవద్దని రద్దుచేసి, నాన్నగారి డిస్కులోని ఫాంట్ల ఫోల్డరు నుంచి వాటిని తెచ్చి ఇక్కడ పెట్టాను. చదవడానికీ, ప్రింటు తీయడానికీ ఫాంట్లుంటే సరిపోతుంది. టైపు చేయాలంటేనే అనూ వాళ్ళ స్క్రిప్ట్ మేనేజర్ కావాలి. ఫైలు మళ్ళీ తెరిచాను. నాయనమ్మ పేరు, దాని కింద సన్నటి పూలతీగ బార్డరు, దాని కింద "రాజమండ్రి, 2003". ఎక్కడి గుడి అక్కడే ఉంది, ఎక్కడి ఒత్తు అక్కడే ఉంది.

ఆ రాత్రి చాలాసేపు మిగతా ఫోల్డర్లు కూడా చూశాను. ఎవరెవరివో శుభలేఖలు. 0883తో మొదలయ్యే లాండ్‌లైన్ నంబర్లు. "అమలాపురం, తూ.గో. జిల్లా" అని వందల చిరునామాలు. 2022 ఏప్రిల్ నుంచి అమలాపురం కోనసీమ జిల్లాకి ముఖ్య పట్టణం. రాజమండ్రి అంతకు ముందే కాగితాల మీద రాజమహేంద్రవరం అయింది. ఈ పేజీలకి ఆ సంగతులేవీ తెలియవు. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి, అవీ వాడుతున్నాను. కానీ అవి మాటలనే తెస్తాయి, పేజీని తేలేవు. తెచ్చిన మాటల్లో కూడా అక్కడక్కడ తప్పులుంటాయి. ఎడమవైపు ఎక్స్‌పీలో పాత పేజీ, కుడివైపు కొత్త పాఠం పెట్టుకుని సరిచూస్తేనే నమ్మకం. మన ఊళ్ళలో మూతపడ్డ డీటీపీ షాపులెన్నో. ఆ యజమానులు ఇంకా మన మధ్య ఉండగానే, ఏ ఫోల్డరు ఏమిటో చెప్పగలిగే వాళ్ళుండగానే, ఈ పని జరగాలని నాకు గట్టిగా ఉంది.

మర్నాటి శనివారం ఇక్కడ సెలవే. వీడియోలో నా తెర నాన్నగారికి చూపించాను. డెబ్బై నాలుగేళ్ళాయన, కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి ఫోను దగ్గరికి లాక్కున్నారు.

"ఒరే, ఇది మన షాపు సిస్టమే కదరా!"

"ఆయ్, మీదేనండి నాన్నగారూ."

"మరి సీపీయూ అటక మీదుందిగా?"

విప్పి చెప్పాను. ఆయన విన్నారో లేదో తెలియదు. కళ్ళు పేజీ మీదున్నాయి, కుడిచేతి వేళ్ళు మంచం పట్టె మీద కదులుతున్నాయి, షాపు కీబోర్డు మీద కదిలినట్టే. తర్వాతి పేజీ వెయ్యమన్నారు. తర్వాతిది. తొమ్మిదో పేజీ దగ్గర ఆగమన్నారు.

"అప్పగింతల పాటలో మూడో వరస చూడు. పుట్టిలు అని పడింది. ఒత్తు పోయింది. మూడు వందల కాపీలూ తప్పుతోనే వెళ్ళాయన్నమాట."

స్క్రిప్ట్ మేనేజర్ వెయ్యలేదని, టైపు కుదరదని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించారు.

"టైపెందుకురా? ఒత్తు విడి ముక్కే కదా. ఐదో పేజీలో పైనుంచి రెండో వరసలో తల్లి అని ఉంటుంది. ఆ ఒత్తొక్కదాన్నే సెలెక్ట్ చెయ్యి. మౌసు వద్దు, షిఫ్టు నొక్కి బాణం గుర్తుతో ఒక్క అడుగు. కాపీ. ఇప్పుడు రా ఇక్కడికి."

తల్లి దగ్గరున్న ఒత్తుని తీసుకుని తొమ్మిదో పేజీకి వచ్చాను. కర్సరు చివరి అక్షరం తర్వాత నిలబెట్టి పేస్టు చేశాను. పుట్టిల్లు అయింది.

నాన్నగారు జూమ్ చెయ్యమన్నారు. ఒత్తు అక్షరానికి సరిగ్గా కింద కూర్చుందా లేదా అని ఇంకా దగ్గరగా చూశారు. లోపలికి తిరిగి, "ఏవే, ఒకసారిలా రా, అమ్మ పుస్తకం వచ్చింది" అని కేకేశారు. అమ్మ చెంగుకి చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇప్పుడు ప్రింటివ్వరా," అన్నారు నాన్నగారు.