జీతం లేని కొలువు

ఖర్గపూర్ వంటి రైల్వే ఊరిలో ‘ఫైర్‌మన్’ అనే మాటకు రెండు అర్థాలు ఉండేవి. ఆవిరి యంత్రం మీద డ్రైవరు ప్రక్కన నిలిచి, పారతో బొగ్గు ఎత్తిపోస్తూ మంటను పోషించేవాడు ఒక ఫైర్‌మన్. ఎక్కడో ఒక ఇంటి కప్పు అంటుకొన్నదని కేక వినబడగానే పరుగెత్తి ఆ మంటను ఆర్పేవాడు మరొక ఫైర్‌మన్. మొదటివానికి జీతము, పదోన్నతి, పింఛను ఉండేవి. రెండవవాడు స్వచ్ఛంద దళానికి చెందినవాడైతే అతనికి ఇవేవీ లేవు. ఆవిరి యంత్రాలు పోయిన తరువాత మొదటి అర్థం వృద్ధుల జ్ఞాపకాలలో మాత్రమే మిగిలినది. రెండవవాని అవసరం మాత్రం తీరలేదు.

ఆ ఊరు నిప్పును నమ్ముకొని పుట్టినది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే, పందొమ్మిదవ శతాబ్దం చివరి సంవత్సరాలలో ఆ ఎర్రమట్టి మిట్ట మీదికి పట్టాలను తెచ్చినది. ఆ పట్టాల వెంటనే పెద్ద కర్మాగారం వెలసినది. విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుండి తెలుగువారు అక్కడికి వలస వెళ్ళి ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, బాయిలరు పనివారుగా స్థిరపడినారు. రైల్వే క్వార్టర్ల వరుసలలోను, ఝపటాపూర్ వంటి పేటలలోను బెంగాలీ, హిందీ, ఒరియా మాటల నడుమ తెలుగు మాట నేటికీ వినబడుతుంది. పగలంతా కొలిమి దగ్గర మంటతో పని చేసినవాడు సాయంకాలం మంటను ఆర్పే విద్య నేర్చుకొనడానికి మైదానానికి వెళ్ళడం చిత్రంగా తోచవచ్చును. కాని నిప్పు స్వభావం ఎరిగినవానికే దాని భయమూ తెలుస్తుంది.

ఈ సేవ యుద్ధకాలంలో రూపు దాల్చినది. 1942 డిసెంబరులో జపాను విమానాలు కలకత్తా మీద బాంబులు వేసినప్పుడు ‘ఏ.ఆర్.పి.’ అనే మూడక్షరాలు బెంగాలులో ఇంటింటికీ తెలిసినవి. 1965 సెప్టెంబరు 7న పాకిస్తాను విమానాలు ఖర్గపూర్ సమీపంలోని కలైకుండా విమానస్థావరం మీద దాడి చేసినవి. ఆకాశం నుండి నిప్పు కురిసే ప్రమాదం ఆ ఊరి ముంగిటికే వచ్చినది. 1968లో పార్లమెంటు పౌరరక్షణ చట్టాన్ని చేసినది. రైల్వేలోను పౌరరక్షణ విభాగం పనిచేస్తున్నది; ఉద్యోగులే అందులో స్వచ్ఛంద సేవకులుగా చేరుతారు. వార్డెన్లు, గాయపడినవారిని మోసేవారు, శిథిలాల నుండి మనుషులను వెలికితీసేవారు, అగ్నిని ఆర్పేవారు అని పనులు పంచబడి ఉంటాయి.

యుద్ధాలు అరుదుగా వస్తాయి. వంటింటి మంటలు నిత్యం ఉంటాయి. అందుచేత ఈ సేవకుడు నేర్చుకొనే విద్యలో అధికభాగం శత్రువుకు సంబంధించినది కానే కాదు. మంటకు మూడు ఆధారాలు కావాలి: వేడి, ఇంధనం, గాలి. వీనిలో ఒకదానిని తొలగిస్తే చాలును. ఈ సూత్రం బడిపిల్లవానికైనా అర్థమవుతుంది. కాని కేకలు, పొగ, చీకటి కమ్ముకొన్న వేళ దానిని గుర్తుంచుకొనడానికి సంవత్సరాల అభ్యాసం కావాలి. మరిగే నూనె అంటుకొన్నప్పుడు నీళ్ళు పోస్తే మంట ఎగిరిపడుతుంది. పొయ్యి ఆర్పి మూత వేయాలి. మూసి ఉన్న తలుపును తెరిచేముందు దానిని చేతి వెనుకభాగంతో తాకి చూడాలి. లోపల నిప్పు ఉంటే తలుపు తెరవడమంటే దానికి గాలిని అందించడమే. పొగ పైకి పోతుంది కనుక మనిషి నేలకు అంటుకొని ప్రాకాలి. బట్టలు అంటుకొన్నవాడు పరుగెత్తరాదు, నేల మీద దొర్లాలి.

వెనుకటి రోజులలో ఈ అభ్యాసానికి స్టిరప్ పంపు ముఖ్యసాధనం. పంపును నీళ్ళ బకెట్టులో దించి, వెలుపలి ఆనికను ఒక పాదంతో నొక్కిపట్టి, చేతితో పిడిని ఆడించాలి. ఒకడు పంపు కొడితే మరొకడు గొట్టం పట్టుకొని మంట వైపు ప్రాకేవాడు. మూడవవాడు బకెట్టు ఖాళీ కాకుండా నీళ్ళు తెచ్చిపోసేవాడు. చూసేవారి కన్ను గొట్టం పట్టినవాని మీదనే నిలిచేది. కాని నీళ్ళు మోసేవాడు రెండు నిమిషాలు ఆలస్యం చేస్తే ఆ వీరుని చేతిలో మిగిలేది ఖాళీ గొట్టమే. ఇప్పుడు సాధనాలు మారినవి. ఆ పంపు నేర్పిన పాఠం మాత్రం మారలేదు.

ఫాల్గుణం దాటగానే ఆ ప్రాంతంలో వడగాలి మొదలవుతుంది. బావులు అడుగంటుతాయి, గడ్డి ఎండుతుంది. దసరానాడు రావణ్ మైదానంలో రావణుని బొమ్మను వేలమంది చూస్తుండగా తగులబెడతారు. తెలుగువారి దీపావళి, బెంగాలీల కాళీపూజ ఒకే అమావాస్యకు వస్తాయి. ఊరంతా నింగిలోని తారాజువ్వలను చూసే రాత్రి అతడు అవి ఎవరి కప్పు మీద రాలుతున్నవో చూస్తుంటాడు. పండుగ నడుమ ఉండి పండుగకు దూరం కావడం ఈ కొలువు అడిగే మొదటి మూల్యం.

రెండవ మూల్యం ఇంకా కఠినమైనది. మంటలోనికి దూకేవాని ధైర్యాన్ని లోకం పొగడుతుంది. అయితే మంట దగ్గర కావలసినది అనేక పర్యాయాలు మనుషులను లోనికి పోనీయకుండా ఆపగల ధైర్యం. కాలుతున్న ఇంటిలోనికి మనుషులు దేనికోసం పరుగెత్తుతారు? రేషను కార్డు కోసం, కూతురి పెండ్లికి దాచిన ట్రంకుపెట్టె కోసం, గోడమీది తండ్రి ఫొటో కోసం, కట్టివేసిన మేక కోసం. “వదులు దాదా, ఒక్క నిమిషం” అని ఇరుగుపొరుగువాడు బ్రతిమాలుతాడు. అతనిని రెండు చేతులతో పట్టి నిలపాలి. ఆ పెట్టె కళ్ళ ఎదుటనే కాలిపోతుంది. ప్రాణం దక్కినదన్న కృతజ్ఞత కలగడానికి నెలలు పట్టవచ్చును. పెట్టె పోయినదన్న కోపం మాత్రం ఆ క్షణాననే కలుగుతుంది. మరునాడు అదే వీధిలో, అదే కొళాయి దగ్గర, ఆ కోపానికి ఎదురుగా నిలబడవలసినవాడు జీతగాడు కాడు, ఆ పొరుగువాడే.

ఇంటిలో భార్య వేసే ప్రశ్నకు కూడ జవాబు సులభం కాదు. “మీకేమైనా అయితే మాకెవరండీ?” అని ఆమె అడుగుతుంది. ప్రశ్న న్యాయమైనది. అతని మౌనంలో ఒక జవాబు ఉన్నది. అది వలసవచ్చినవాని జవాబు. రైల్వే క్వార్టరు అతనిది కాదు. ఉద్యోగం ముగిసిననాడు తాళంచెవి అప్పగించి వెళ్ళాలి. పితరుల ఊరు వంశధార ఒడ్డున ఎక్కడో ఉన్నది. అక్కడ అతడు సెలవులకు వచ్చే చుట్టం. పట్టా లేని మనిషి ఒక ఊరిని తనది అనుకొనడానికి ఉన్న త్రోవలు కొద్ది. ఆ ఊరి ఆపదకు జవాబుదారీ వహించడం వానిలో ఒకటి. ఎవరి కప్పును తాను ఆర్పినాడో వారి వీధిలో అతడు పరదేశి కాడు.

ఇట్టి భావన ఖర్గపూర్‌కు మాత్రమే పరిమితం కాదు. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిను తన పొరుగువారిని కూర్చుకొని ఒక అగ్నిమాపక సంఘాన్ని స్థాపించినాడు. చిలీ దేశంలో నేటికీ మంటలార్పేవారు స్వచ్ఛంద సేవకులే. అక్కడ ఆ సంప్రదాయం 1851లో వాల్పరాయిసో రేవులో ఆరంభమైనది. 2023 జూన్ 2వ తేదీ రాత్రి ఖర్గపూర్ డివిజనులోని బాహానగా బజారు వద్ద కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదానికి గురి అయినప్పుడు, తలక్రిందులైన పెట్టెల దగ్గరకు ముందుగా పరుగెత్తినవారు ప్రక్క గ్రామాలవారే. ఏ ప్రభుత్వ దళమైనా దారి నడిచి రావాలి. పొరుగువాడు అక్కడనే ఉంటాడు. అయితే పొరుగువాని ప్రేమకు శిక్షణ తోడు కానప్పుడు అది అతనినే బలిగొనవచ్చును. అందుకే ఆ విసుగు పుట్టించే ఆదివారపు కవాతులు.

ఇన్ని సంవత్సరాల కవాతు తరువాత అతడు స్వయంగా ఆర్పిన మంటలు వ్రేళ్ళ మీద లెక్కించదగినవే కావచ్చును. కాలిన ఇళ్ళకు లెక్క ఉంటుంది. కాలకుండా మిగిలిన ఇళ్ళకు లెక్క వ్రాసేవారు లేరు. అతని మాట విని రాత్రి పడుకొనేముందు కుంపటిని ఆర్పిన ఇల్లాలు ఏ రిజిస్టరులోను కనబడదు. తెల్లవారి ఆమె లేచి, మరల దానిని రాజేసి, పిల్లలకు గంజి కాస్తుంది. అతని కొలువుకు దక్కే జీతం అదే.