మంత్రగాడి పుస్తకం, బరువు 3 పౌండ్లు

బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంటుంది. అంత జాగ్రత్తపరుడు కనకే అన్నేళ్ళు అందరినీ ఏడిపించుకు తిన్నాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలోని విజార్డుకి ఆపాటి బుద్ధి కూడా లేదు. తన చిలకని సంచీలో పడేసుకుని నేరుగా డ్రాగన్ గుహలోకే నడిచి వెళతాడు. ఆ చిలక పేరు స్పెల్‌బుక్. 2014 నాటి నియమాల్లో ఖాళీ పుస్తకం ధర 50 బంగారు నాణేలు, పుటలు 100, బరువు 3 పౌండ్లు, మన తూకంలో కిలోన్నరకి కాస్త తక్కువ.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరతారు. ఒకరు డంజన్ మాస్టర్‌గా కథ నడుపుతారు, డీఎం అంటే ఆ మనిషే. మిగతావాళ్ళు తలో పాత్ర తీసుకుని ఏం చేస్తున్నారో నోటితో చెబుతారు. అది కుదిరిందో లేదో పాచికలు తేలుస్తాయి. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన మొదటి నియమాలు 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళోంచి వచ్చాయి. తర్వాత ఎడిషన్లు మారాయి, బొమ్మలు మారాయి, ఆట కూడా ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి పోయింది. విజార్డు మాత్రం పుస్తకం వదల్లేదు.

యోధుడి కత్తి విరిగితే పడిపోయిన శత్రువు కత్తి అందుకుంటాడు. క్లెరిక్ దేవుణ్ణి ప్రార్థిస్తాడు, దేవుడు ఎక్కడికీ పోడు. 2000లో మూడో ఎడిషన్‌తో వచ్చిన సోర్సరర్‌కి విద్య నెత్తుట్లోనే ఉంటుంది. విజార్డు ఒక్కడి బలమే కాగితం మీద ఉంటుంది. తడుస్తుంది, కాలుతుంది, దొంగల పాలవుతుంది. ఆట మొత్తంలో నాకు బాగా నచ్చింది ఈ బలహీనతే. కొండల్ని పిండిచేసేవాడు కూడా వాన మబ్బు చూసి సంచీ తడుముకుంటాడు.

గైగాక్స్ ఈ ఊహని రచయిత జాక్ వాన్స్ దగ్గర తీసుకున్నాడు, ఆ సంగతి దాచుకోనూ లేదు. 1950లో వచ్చిన వాన్స్ పుస్తకం ‘ది డయింగ్ ఎర్త్’లో సూర్యుడు రేపో మాపో ఆరిపోయేట్టుంటాడు. ఆ మసక వెలుతుర్లో మాంత్రికులు పాత గ్రంథాలు ముందేసుకుని మంత్రాల్ని బలవంతాన బుర్రకెక్కించుకుంటారు. ఎంతటివాడికైనా అరడజను ఎక్కేసరికి బుర్ర నిండిపోతుంది. పలికిన మరుక్షణం మంత్రం మనసులోంచి చెరిగిపోతుంది. మళ్ళీ కావాలంటే మళ్ళీ గ్రంథం విప్పాల్సిందే. ఈ ఆటలో పేరుమోసిన దుష్ట మాంత్రికుడు వెక్నా పేరు కూడా వాన్స్ ఇంటిపేరులోని అక్షరాల్ని అటూ ఇటూ మార్చి కట్టిందే. గురుదక్షిణ ఇవ్వడంలో అదొక పద్ధతి.

మంత్రాలకీ, వాటిని వాడేవాళ్ళకీ బలాన్ని బట్టి లెవెళ్ళుంటాయి. 1974 నియమాల్లో ఒక్కో లెవెల్ మంత్రాలకి ఒక్కో పుస్తకం. పోగొట్టుకుంటే కొత్త మంత్రాన్ని పరిశోధించి కనిపెట్టినంత ఖర్చు. మొదటి లెవెల్‌కి 2,000 నాణేలు, అక్కణ్ణుంచి లెవెల్ లెవెల్‌కీ రెట్టింపు. 1989 నాటి రెండో ఎడిషన్ మరో తమాషా చేసింది. మంత్రం ఎన్ని పుటలు పడుతుందో కూడా పాచిక వేసి తేల్చమంది. ఆరు ముఖాల పాచిక మీద పడ్డదాంట్లోంచి ఒకటి తీసేసి, మిగిలింది మంత్రం లెవెల్‌కి కలపాలి. మూడో లెవెల్ మంత్రమైన ఫైర్‌బాల్ ఒకడి పుస్తకంలో 3 పుటల్లో ఇమిడిపోతే ఇంకొకడికి 8 పుటలు తినేస్తుంది. ఒకడిది గొలుసుకట్టు రాత, ఇంకొకడివి గుమ్మడికాయంత అక్షరాలు అనుకోవాలి. పుటలు నిండితే ఇంకో పుస్తకం, దాని బరువు. 2003లో మూడో ఎడిషన్‌ని సవరించినవాళ్ళు పద్దుల మనుషులు. లెవెల్‌కి ఒక పుట, పుటకి 100 నాణేల సామగ్రి, ఏ మంత్రం రాయడానికైనా 24 గంటలు అని గీత గీసేశారు. 9వ లెవెల్ మంత్రం ఒక్కటి ఎక్కించుకుంటే 900 నాణేలు వదిలిపోతాయి. నాలుగో ఎడిషన్‌లో పుస్తకానికి పాత పెత్తనం లేదు, దాని ఊసు ఇక్కడ అనవసరం.

2014లో వచ్చిన అయిదో ఎడిషన్ విజార్డుని గారాబం చేసింది. మొదటి రోజే పుస్తకంలో 6 మంత్రాలు, తను ఒక లెవెల్ ఎక్కినప్పుడల్లా ఉచితంగా మరో 2. దారిలో దొరికినవి రాసుకోవాలంటే మంత్రం లెవెల్‌కి 2 గంటలు, 50 నాణేలు. వీటిని తప్పుపట్టను. అసలు మార్పు ఇంకోచోట ఉంది. పొద్దున్నే పుస్తకం చూసి సిద్ధం చేసుకున్న మంత్రం ఇప్పుడు ప్రయోగించినా మనసులోంచి పోదు. ఖర్చయ్యేది స్పెల్ స్లాట్ ఒక్కటే, అంటే ఆ రోజుకున్న ప్రయోగాల్లో ఒకటి, అదీ రాత్రి నిద్రతో తిరిగొస్తుంది. కాబట్టి పుస్తకం పోయినా, చివరిసారి సిద్ధం చేసుకున్నవాటితోనే నెలల తరబడి నెట్టుకురావచ్చు. వాటిని మార్చుకోలేడు, పుస్తకం ముందు పెట్టుకుని చేసే రిచువల్స్ చెయ్యలేడు, అంతే. వాన్స్ మాంత్రికులు వింటే అసూయతో చచ్చిపోతారు.

మంట సంగతీ చూడండి. పాత ఎడిషన్లలో ఫైర్‌బాల్‌లో చిక్కినవాడి సేవింగ్ త్రో (తప్పించుకోడానికి వేసే పాచిక) తప్పిందంటే ఒంటి మీది సామానుకి విడిగా పాచికలు వేసేవాళ్ళు. ఆ పట్టికలో కాగితానికి ఆశ దాదాపు లేనట్టే. అయిదో ఎడిషన్ ఫైర్‌బాల్ మండే వస్తువుల్ని అంటిస్తుంది గాని, ఎవరైనా తొడుక్కున్నవాటినీ మోస్తున్నవాటినీ ముట్టదు. మనిషి బొగ్గయిపోతాడు, అతని చంకలో పుస్తకం అంచు కూడా నల్లబడదు! ఎందుకలా రాశారో ఊహించడం కష్టం కాదు. ప్రతి మంటకీ సామాను జాబితా తీసి లెక్కలు వేస్తూ కూర్చుంటే ఆట సాగదు. ఏడాది పాటు కూడబెట్టిన మంత్రాలు ఒక్క దెబ్బకి పోతే ఆ ఆటగాడు మళ్ళీ వారం రాడు. ఒప్పుకుంటాను. కానీ పుస్తకానికి ఆపద ఉందన్న నమ్మకం మీదే ఎన్ని ముచ్చటైన మంత్రాలు పుట్టాయో! ఎక్స్‌ప్లోజివ్ రూన్స్ రాసిపెడితే దొంగచాటుగా చదివినవాడి మొహం మీదే పేలుతుంది. సెపియా స్నేక్ సిజిల్ చదువరిని ఉన్నచోటే బిగించేస్తుంది. సీక్రెట్ పేజ్ వేస్తే ప్రాణాలు తీసే మంత్రం కాస్తా చాకలి పద్దులా కనపడుతుంది. ఎవరూ ముట్టని పుస్తకానికి ఇన్ని తాళాలెందుకు?

ఆ పాత గుండెదడ ఇంకా మిగిలింది స్క్రోలు, అంటే ఒకే మంత్రం రాసున్న కాగితపు చుట్ట దగ్గరే. 5వ లెవెల్ విజార్డుకి ఫైర్‌బాల్ స్క్రోలు దొరికిందనుకోండి. పుస్తకంలోకి ఎక్కించుకోవాలంటే 6 గంటలు, 150 నాణేలు, పైన ఆర్కానా పరీక్ష. 20 ముఖాల పాచిక మీద పడ్డదానికి తన తెలివీ శిక్షణా కలిపి 13కి తగ్గకూడదు. తగ్గితే మంత్రం రాదు. తగ్గినా తగ్గకపోయినా స్క్రోలు మాత్రం నాశనమవుతుంది. వద్దు, దాచుకుంటానంటే ఏదో ఒక ఆపదలో చదివి పేల్చొచ్చు, ఒక్కసారే. అదే స్క్రోలు 1వ లెవెల్ కుర్రాడి చేతిలో పడితే చూడాలి. తాహతుకి మించిన మంత్రం కనక ముందు పరీక్ష. ఇంటెలిజెన్స్ 16 ఉన్నవాడికి పాచిక మీద 10 గాని, ఆ పైన గాని పడాలి, అంటే నూటికి 55 పాళ్ళు. పడిందా, నిన్నటిదాకా ఎలుకల్ని తరిమినవాడు గది మొత్తం తగలబెడతాడు. పడలేదా, చేతిలో ఖాళీ కాగితం. ఆ పాచిక దొర్లుతున్నంతసేపూ బల్ల దగ్గర ఎవరూ ఫోను చూసుకోరు.

డీఎంలకి నా విన్నపం ఇంతే. విజార్డు పుస్తకం తగలబెట్టమని చెప్పను, అది కక్షసాధింపు. అడుగుతూ మాత్రం ఉండండి. నది ఈదుతున్నప్పుడు పుస్తకం ఎక్కడుంది? సత్రంలో తలకింద పెట్టుకున్నాడా, కిటికీ పక్కన బల్లమీద వదిలేశాడా? కొట్లో వేసినప్పుడు సంచీ ఎవరి దగ్గరుంది? దొంగతనమే చేయిస్తే దొంగ అడుగుజాడలు కూడా వదలండి, నాలుగు వారాల కథ ఊరికే దొరుకుతుంది. ఓడిపోయిన శత్రు మాంత్రికుడి పుస్తకాన్ని శవం పక్కన పడెయ్యకండి. దాచుకున్న చోటు వెతకనివ్వండి.

విజార్డు ఆడేవారికీ ఒక మాట. అయిదో ఎడిషన్‌లో సొంత పుస్తకానికి నకలు చాలా చవక, మంత్రం లెవెల్‌కి గంట, 10 నాణేలు. దారిలో ఏమీ దొరక్కపోయినా 5వ లెవెల్ విజార్డు పుస్తకంలో 14 మంత్రాలుంటాయి. మొదటి లెవెల్‌వి 8, రెండోవి 4, మూడోవి 2 అనుకుంటే లెవెళ్ళన్నీ కలిపి 22. అంటే 22 గంటలు, 220 నాణేలు, ఖాళీ పుస్తకానికి ఇంకో 50. ఆ 270 నాణేలు లేని 5వ లెవెల్ విజార్డుని నేను చూడలేదు. నకలు ఉన్నవాణ్ణీ పెద్దగా చూడలేదు. ఈ వారమే రాయించి, నమ్మకమైన ఊళ్ళో దాచి రండి. మీ డీఎం కూడా ఈ వ్యాసం చదివి ఉండొచ్చు.